కట్ట కట్టకముందు

భార్య పోయిన ఏడాదికి నేను ఎమ్మే తెలుగులో చేరాను. అరవై దగ్గర పడినవాడికి ఎమ్మే ఎందుకని అడిగినవాళ్ళందరికీ చదువుకు వయసేమిటండీ అని జవాబు చెప్పాను. అది వట్టి కోత. ఇంట్లో మాట్లాడే మనిషి లేక చేరాను.

మా ఇల్లు కంచరపాలెంలో, రైలు పట్టాల పక్కన మేడమీది వాటా. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఆ వాటాలోనే స్థిరపడ్డాం. పిల్లలు లేరు. గూడ్సు బండి వస్తే మా ఇంట్లో మాట వినపడదు. నేనూ మా ఆవిడా బండి రాగానే చెబుతున్న మాట ఆపేసి, అది పోయాక ఆపినచోటి నుంచి అందుకునేవాళ్ళం. తగువులు కూడా అంతే. బండి పోయేలోపు కోపం చల్లారిపోయి, ఎక్కడ ఆపామో ఇద్దరికీ గుర్తుండని రోజులున్నాయి. ఇప్పుడూ బండ్లు వస్తాయి, పోతాయి. ఆపడానికి మాటే లేదు. ఫోను మోగితే లోను కావాలా సార్ అని ఎవరో పిల్ల అడుగుతుంది. ఒకసారి ఆ పిల్లనే, భోంచేశావా అమ్మా అని అడిగాను. టక్కున పెట్టేసింది.

మా స్టడీ సెంటరు మద్దిలపాలెం డిపో వెనక సందులో ఉండేది. దూరవిద్య కాబట్టి ఆదివారాలే క్లాసులు. మిగతా రోజుల్లో అక్కడ కోఆర్డినేటరు గారు ఉంటే ఉండేవారు, లేకపోతే లేదు. ఎప్పుడూ ఉండేది మాత్రం ఆఫీసు చూసుకునే ఆవిడ. శ్రీకాకుళం వైపు పల్లెటూరి రైతుల ఇంటి మనిషి, నలభై దాటి ఉంటాయి. విద్యార్థుల్లో మగపిల్లల్ని ఏరా అనీ, ఆడపిల్లల్ని ఏమ్మే అనీ పిలిచేది. నా దగ్గరికొచ్చేసరికి ఇబ్బంది పడింది. సార్ అందామంటే నేను విద్యార్థిని. ఏరా అనలేదు గదా. రెండు ఆదివారాలు ఏమీ అనకుండా నెట్టుకొచ్చి, మూడోసారి బాబుగారూ అంది. అదే ఖాయమైంది.

ఒక్కో పేపరుకు ఒక్కో అసైన్‌మెంటు రాసి ఇవ్వాలి. గడువు దాటిన అసైన్‌మెంట్లు స్వీకరించబడవు అని నోటీసు బోర్డు మీద పెద్దక్షరాలతో ఉండేది. ఆ బోర్డుకు పట్టిన బూజుకు ఉన్న పరువు కూడా ఆ కాగితానికి లేదు. అసలు రూలు వేరే ఉంది. వచ్చిన అసైన్‌మెంట్లన్నీ ఆవిడ బల్ల మీద దొంతరగా పేర్చేది. అన్నీ వచ్చాక పురికొస చుట్టి కట్ట కట్టి, దిద్దడానికి యూనివర్సిటీకి పంపేది. కట్ట కట్టేదాకా గడువున్నట్టే. కట్టాక మాత్రం దేవుడు దిగొచ్చినా విప్పదు. అందుకని కట్టేముందు రానివాళ్ళకు తానే ఫోన్ చేసేది. ఇది చేయమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు.

మొదటి అసైన్‌మెంటు నేను నిజంగానే ఆలస్యం చేశాను. ముప్ఫై ఏళ్ళు షిప్పింగ్ ఏజెన్సీలో కాగితాలు రాసిన చెయ్యి, పద్యానికి వ్యాఖ్యానం రాయమంటే మొరాయించింది. గడువు దాటిన మర్నాడు పొద్దున ఫోను మోగింది.

"ఏటి బాబుగారూ, మీదింకా రాలేదు. కట్ట కట్టీమంటారా?"

"రేపో మాపో తెచ్చిస్తానమ్మా" అన్నాను. సరిగ్గా నేను నోరు తెరిచినప్పుడే గూడ్సు కూత వేసి వచ్చింది. మాట అయిపోయింది గదా అని నేను ఫోను పెట్టేశాను.

మర్నాడు తీరిగ్గా వెళ్ళాను. ఆవిడ మొహం ముడుచుకుని ఉంది. బల్ల మీద దొంతర అలాగే ఉంది, పక్కన పురికొస ఉండ.

"నిన్న ఏటైపోనారు? మాపటికి తెత్తానన్నారు గదా అని కూకున్నాను. అందరూ ఎల్లిపోనారు, సీకటి పడిపోనాది. వాచ్‌మేను గేటు ఏసేత్తానని ఒకటే గోల."

నాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. నా 'రేపో'ను బండి కూత మింగేసింది. మిగిలిన 'మాపో' ఆవిడకు చేరింది. నా బోటివాడికి రేపో మాపో అంటే ఎప్పుడో ఒకప్పుడు అని. ఆవిడ ఇంట్లో మాపు అంటే సాయంత్రం. మాపటికి అంటే ఆ సాయంత్రానికే. మాట ఇచ్చాడు, వస్తాడు అనుకుని కూర్చుంది.

"అయ్యో, నేను అలా అనలేదమ్మా" అని విషయం చెప్పాను.

"మాపంటే మాపే గదేటి. మీ గుంటూరోళ్ళ మాటలు నాకేటి తెలుత్తాయి" అని నా కాగితాలు లాక్కుని దొంతర మీద పెట్టింది. తర్వాత నవ్వింది.

బస్సులో ఇంటికొస్తూ అదే తలుచుకున్నాను. ఒక మనిషి, నా కోసం, చీకటి పడేదాకా కూర్చుంది. కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. పక్క సీటాయన కిటికీ మూసేయమంటారా, దుమ్ము పడిందా అని అడిగాడు. పడిందన్నాను.

ఆ తర్వాత నావి ఒక్కటీ గడువులోపు వెళ్ళలేదు. రాయక కాదు. రాసి, స్టేపుల్ కొట్టి, టీవీ పక్కన పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఓడ రేవులో ఒక పూట ఎక్కువ ఆగితే డెమరేజి అని జరిమానా కట్టాలి, అందుకని ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆలస్యం అన్న మాట వింటే మండిపడేవాణ్ణి. మా ఆవిడ సినిమాకు ముస్తాబవుతుంటే గుమ్మంలో నిలబడి గడియారం చూసేవాణ్ణి. అలాంటివాణ్ణి ఒక ఫోను కోసం చేతులు కట్టుకుని ఆలస్యం చేస్తున్నాను. ఏటి బాబుగారూ, మీదింకా రాలేదు. ఆ ఒక్క మాటకు. నేను రాలేదని ఒకరికి తెలిసింది, వస్తే బాగుండునని అనుకుంటున్నారు. మా ఆవిడ పోయాక ఆ మాట ఇంకెవరూ నన్ను అడగలేదు.

నాలాంటి దొంగలు తక్కువే. నిజంగా కుదరనివాళ్ళే ఎక్కువ. అచ్యుతాపురంలో ఏదో కంపెనీలో పనిచేసే అమ్మాయి ఒకతె ఉండేది. షిఫ్టు దిగి కంపెనీ బస్సులోంచి నేరుగా వచ్చేది, మెళ్ళో ఐడీ కార్డు కూడా తీయకుండా. ఒకసారి నేను వెళ్ళేసరికి బెంచీ మీద కూర్చుని ఆఖరి పేజీ రాస్తోంది. రాస్తూ రాస్తూ కునికింది. ఆఫీసు ఆవిడ ఆ పిల్ల మీద ఫ్యాను తిప్పి, నోటిమీద వేలేసుకుని నన్ను చప్పుడు చేయకుండా కూర్చోమని సైగ చేసింది. ముగ్గురం అలా ఉన్నాం కాసేపు. బల్ల మీద కట్టని కట్ట. నాకు ఆ గదిలో ఎంత బాగుందో చెప్పలేను.

ఆఖరి సెమిస్టరులో పోర్టల్ వచ్చింది. కోఆర్డినేటరు గారు క్లాసుకొచ్చి, ఇక కాగితాలు మోసుకు రానక్కర్లేదు, ఫొటోలు తీసి పెట్టేయండి, ఆఖరి రోజు సాయంత్రం అయిదింటికి అదే మూసుకుపోతుంది, బతిమాలుకోవడాలు లేవు అని సంతోషంగా చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అదేమిటో నాకు అప్పటికి తలకెక్కలేదు.

అన్ని పేపర్లవీ పెట్టేశాను. పక్క వాటా కుర్రాడు నేర్పాడు. ఒక్కదాన్ని మాత్రం అలవాటుగా అట్టే పెట్టుకున్నాను. రాసి టీవీ పక్కన ఉంచాను. ఆఖరి రోజు వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున స్నానం చేసి ఫోను ముందు కూర్చున్నాను. మోగలేదు. సిగ్నలు లేదేమోనని మేడ మెట్ల మీదికి వెళ్ళి నిలబడ్డాను. నాలుగు బండ్లు పోయాయి గానీ ఫోను మోగలేదు. మధ్యాహ్నం పోర్టల్ తెరిస్తే నా పేరు పక్కన సున్నా ఉంది.

మర్నాడు మద్దిలపాలెం వెళ్ళాను. బల్ల ఖాళీగా ఉంది. పురికొస ఉండ కిటికీలో ఉంది. ఆవిడ కుర్చీలోంచి లేచి మంచినీళ్ళిచ్చింది.

"నాది రాలేదమ్మా" అన్నాను.

"రాలేదా? ఓలమ్మో, నాకు తెల్దు బాబూ. ఎవులిచ్చినారో ఎవులియ్యలేదో నాకేటీ అవుపడదు. అంతా ఆ మిషినికే తెలుసు. మీరు రాసి పెట్టీసుంటారనే అనుకున్నాను. ఎందుకియ్యలేదు?"

నువ్వు అడుగుతావని. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఈ వయసులో ఒక మనిషితో అనదగ్గ మాట కాదది. మర్చిపోయాను అన్నాను.

"ఆ కంపెనీ పిల్లదీ పోనాది. షిఫ్టు దిగీసరికి అయిదు దాటిపోనాదట. ఇక్కడికొచ్చి ఏడిసింది. నానేటి సేత్తాను? కట్టంటూ ఉంటే ఇప్పైనా పెడుదును" అంది. కిటికీలో పురికొస వైపు చూసింది. నేనూ చూశాను.

నాది, ఆ పిల్లది, తర్వాతి బ్యాచ్‌తో మళ్ళీ పెట్టుకోమన్నారు. మిగతా పేపర్లన్నీ అయిపోయాయి. ఆదివారం క్లాసులు లేవు. ఆ ఒక్క అసైన్‌మెంటూ పెడితే స్టడీ సెంటరుతో నా పని పూర్తవుతుంది. పెట్టకపోతే సున్నా. ఈసారి ఆడుకోవడానికి లేదని తెలుసు. ఆలస్యం చేస్తే అడిగేవాళ్ళుండాలి గదా.

తర్వాతి గడువు రాగానే ఆఖరి రోజు పొద్దున్నే పెట్టేశాను. పచ్చగా టిక్కు పడింది. అది చూసి సంతోషించాల్సింది పోయి, ఇల్లంతా ఒకసారి తిరిగొచ్చాను. తర్వాత ఆఫీసుకు ఫోన్ చేశాను. ఇన్నాళ్ళలో నేనుగా చేయడం అదే మొదలు.

"అమ్మా, నేనే. నాది వచ్చేసింది. ఇక కట్ట కట్టెయ్."

అటునుంచి నవ్వు వినిపించింది. "వొచ్చీసిందా బాబుగారూ" అని, ఆ వెనక ఇంకేదో చెబుతోంది. గూడ్సు వచ్చింది. చెవికి ఫోను అదిమి పెట్టి, రెండో చెవి మూసుకున్నాను. 'మాపటికి' అన్న ఒక్క మాట తెలిసింది. మాపటికి ఏమిటో బండి మింగేసింది. చాలా పొడుగు బండి. అది పోయేసరికి అటువైపు ఫోను పెట్టేసి ఉంది.

మాపటికి కట్టేత్తాను అని నవ్వులాటకు అని ఉంటుంది. మాపటికి ఇంటికెళ్ళాలి, పనుంది అని ఉండొచ్చు. మాపటికి ఫోన్ సేత్తాను అనీ అని ఉండొచ్చు. మళ్ళీ చేసి అడగడం ఎంతసేపు? అడిగితే ఏమన్నదో తెలిసిపోతుంది. అడగలేదు.

మెట్ల మీద కుర్చీ వేసుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కింద పిల్లలు స్కూలు నుంచి వచ్చారు. పక్క వాటా కుర్రాడు ఎవరి కోసం తాతగారూ అని అడిగితే గాలికి అని చెప్పాను. వీధి దీపాలు వెలిగాయి. ఇంకాసేపు చూసి, లోపలికెళ్ళి ఒక్కడికి సరిపడా బియ్యం కడిగాను.