లింగమ్మ గడ్డం మీది మూడు చుక్కలు

రెండువేల ఇరవై ఐదు, వానాకాలం నాట్లు సగం పడ్డ రోజులు. మిర్యాలగూడలో రైలు స్టేషనుకు పోయే దారిలో మాదొక ఫోటో స్టూడియో. మాది అంటే ఇప్పుడు నాది. మా ఆయన పోయాక షట్టర్ దించేయమన్నవాళ్లే అందరూ. నేను దించలేదు. నాకు పెద్దగా చదువు రాదు. ఇంగ్లీషు అక్షరాన్ని బొమ్మలా గుర్తుపడతాను తప్ప చదవలేను. ఇది కూడా నేను చెబుతుంటే మా ఆడపడుచు రాస్తోంది. కోపంగా చెబుతున్నాను, కోపంగానే రాయమన్నాను.

మా పనిలో ఎక్కువగా వచ్చేవి చావు ఫోటోలే. మనిషి ఉన్నన్నాళ్లు ఎవరూ కూర్చోబెట్టి ఒక ఫోటో తీయరు. పోయాక, పెద్దకర్మ రోజు దండ వేయడానికి ముఖం కావాలి. అప్పుడు ఏ పెళ్లి ఫోటోలోనో వెనక నిలబడ్డ ముఖాన్ని తెచ్చి "దీన్ని పెద్దగ జెయ్యక్కా" అంటారు. వెనకటికి మా ఆయన బ్రష్‌తో దిద్దేవాడు. ఇప్పుడు ఏఐ దిద్దుతుంది. తనకు కనబడని చోట ఊహించి నింపుతుంది. ఆ ఊహతోనే నా గొడవంతా.

అప్పట్లో నేను మూడు రకాల ఏఐలు పెట్టుకుని, ఏది ఉంచుకోవాలా అని చూస్తున్నాను. ఒకటి ఫోన్‌లో ఊరికే వచ్చే యాప్. రెండోది సూర్యాపేటలో మేం ప్రింట్లు వేయించే కలర్ ల్యాబ్ అతను అంటగట్టింది. "దీన్ని మించింది లేదక్కా, కెమెరాతోని తీసినట్టే ఉంటది" అన్నాడు. మూడోది నిదానంగా నడుస్తుంది, కానీ తెలుగులో నోటితో చెప్పినా వింటుంది. అట్లా చెప్పే మాటను ప్రాంప్ట్ అంటారు. టైపు చేయలేని నాకు అదొక్కటే దారి.

ఏది మంచిదో తేల్చడానికి నా దగ్గరున్న పరీక్ష మా ఆయన పాత ఫోటో, చిన్నది, మసకది. ఆ ముఖం నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఫోన్ యాప్ ఆయనను తెల్లగా చేసింది. ల్యాబ్ అతనిది ఇంకా ఘోరం. బండి మీద నుంచి పడి తెగిన కనుబొమ్మను అతికించింది. పన్ను మీద పన్ను ఉన్న నోట్లో వరసగా పళ్లు పేర్చింది. ఎవడో పెళ్లికొడుకును తెచ్చి నా ముందు కూర్చోబెట్టింది. ఒళ్లు మండిపోయింది. "ఎవడ్రా నువ్వు?" అని కంప్యూటర్ మీద అరిచాను. పక్క టీ కొట్టు అతను దొంగ పడ్డాడేమోనని పరుగెత్తుకొచ్చాడు. మూడోది కూడా అబద్ధమాడింది, కానీ తక్కువ. ముఖం ముట్టకు అని గద్దిస్తే ఆగింది.

ఆ వారంలోనే నేరేడుచర్ల దగ్గరి ఊరి నుంచి అన్నాచెల్లెళ్లు వచ్చారు. అన్న వెంకన్న, మిల్లులకు వడ్లు తోలించే ఏజెంటు. చెల్లెలు సైదమ్మ, నాట్లకు పోయే మనిషి. వాళ్లమ్మ లింగమ్మ చనిపోయింది. ఎల్లుండి పెద్దకర్మ. ఉన్నది ఒకే ఫోటో, నాటు వేస్తుంటే తోటి కూలీల ముఠాలో ఎవరో ఫోన్‌తో తీసిన గుంపు ఫోటో. అందులో లింగమ్మ ముఖం చింతగింజంత. తలకు తువ్వాల, గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు.

వెంకన్న నిలబడే చెప్పాడు. "అక్కా, ఫ్లెక్సీకి గావాలె. పట్టుచీర గట్టియ్యి, మెడల గొలుసెయ్యి, జర తెల్లగ జెయ్యి. మిల్లు షావుకార్లు వస్తున్నరు."

"మరి గీ చుక్కలు?" అన్నాను.

"తీసెయ్. గవెందుకిప్పుడు?"

సైదమ్మ అడ్డొచ్చింది. "అన్నా, గవి అమ్మమ్మ పొడిపిచ్చినయి. గవి తీసేస్తే అమ్మెట్లయితది?"

"నువ్వూకో. షావుకార్ల ముంగట బురదల వంగిన ఫోటో వెడ్తవా?"

"ఆ బురదల వంగే నిన్ను సదివిచ్చింది."

వాళ్ల ముందే మొదటి రెండింటిలో ఫోటో వేశాను. పాత ముఖాన్ని బాగుచేయడానికి ఫేస్ రిస్టోర్ అని ఒక బటన్ ఉంటుంది. ఫోన్ యాప్‌లో అది నొక్కగానే చుక్కలు మాయం. మరకలనుకుంది. ల్యాబ్ అతనిది పట్టుచీర కట్టింది, గొలుసు వేసింది, బుగ్గలు నింపింది, మూడు చుక్కల్లో ఒకదాన్ని అందానికి పుట్టుమచ్చ చేసి మిగతా రెండూ మింగేసింది. వెంకన్న ముఖం వెలిగిపోయింది. "గిదీ! గిట్ల గావాలె!" సైదమ్మ తెర వైపు చూడలేదు.

నాకు వెంకన్న మీదకంటే ఆ యంత్రం మీద ఎక్కువ కోపం వచ్చింది. అతనికి షావుకార్ల ముందు చిన్నతనం, అర్థం చేసుకోవచ్చు. దీనికేం చిన్నతనం? నలుపు కనబడితే మురికి అనుకోమని, పచ్చబొట్టు కనబడితే మచ్చ అనుకోమని దీనికి నేర్పిందెవరు? నేర్పినవాళ్లు మా దిక్కు ఆడవాళ్ల ముఖం ఒక్కసారన్నా దగ్గర నుంచి చూశారా?

"ఇది నేను ప్రింట్ వెయ్య తమ్ముడూ. మీ చెల్లె వద్దంటుంది" అన్నాను.

"నువ్వెయ్యకుంటే కొదవా అక్కా?" అని అక్కడే నిలబడి కోదాడలో ఫ్లెక్సీ షాపున్న దోస్తుకు ఫోన్ కలిపాడు. అవతలి గొంతు మాకూ వినబడింది. "ఫోటో పంపించన్నా, అరగంటలో హీరోయిన్‌లా చేసేస్తాను." వెంకన్న బండెక్కి పోయాడు. సైదమ్మ స్టూలు మీద అట్లాగే కూర్చుంది.

"అక్కా, ఇంట్ల పెట్టుకోనీకె నాకు మా అమ్మ గావాలె. గంతే."

మూడో ఏఐ తెరిచి మైకులో చెప్పాను. "ముఖం కొత్తగ జెయ్యకు. ఉన్నదాన్నే పెద్దగ జెయ్యి. గడ్డం ముట్టకు." అయినా చుక్కలను సాపుగా ఒక గీతలో పెట్టింది.

"నడిమిది జర కిందికుంటది అక్కా" అంది సైదమ్మ.

"సూడు, దీనికి సక్కదనం పిచ్చి" అని తిట్టి, మాస్క్ వేశాను. మాస్క్ అంటే ముట్టకూడని చోట రంగు పూసి కాపలా పెట్టడం. కళ్లు, ముక్కు, గడ్డం అన్నింటికీ పూశాను. ఈసారి చుట్టూ ఉన్నదే శుభ్రమైంది. వెనక పొలాన్ని తీసేయనా అని సైదమ్మను అడిగితే "ఉండనియ్యి" అంది. ముఖం మసక పూర్తిగా పోలేదు. పోగొట్టాలంటే మళ్లీ ఊహ కలపాలి. సైదమ్మ తెర మీద నడిమి చుక్కను వేలితో తాకి, కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఫ్రేము నువ్వే తేవాలె అక్కా. అన్న ముంగట నాకు నోరు లేవదు" అంది.

పెద్దకర్మ నాడు షేర్ ఆటోలో ఫ్రేము ఒళ్లో పెట్టుకుని పోయాను. ఊరి సెంటర్లో నిలువెత్తు ఫ్లెక్సీ. పట్టుచీరలో తెల్లటి ఆడమనిషి నవ్వుతోంది. టెంటు కింద కుర్చీలో ఆమెదే ఇంకో ఫోటో, దాని ముందు విస్తరి, లింగమ్మకు ఇష్టమని వండినవన్నీ. వెంకన్న నన్ను చూసి కూడా చూడనట్టున్నాడు.

అంతలో నాట్ల ముఠా ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. దారి మలుపు నుంచే శోకం ఎత్తుకున్నారు. "ఓ లింగమ్మా" అంటూ టెంటులోకి వచ్చి, కుర్చీలో ఫోటో చూడగానే ఏడుపు ఆపేశారు. ముందున్న ముసలామె అటూ ఇటూ చూసింది.

"ఇదెవలింట్ల కర్మ బిడ్డా? మేం లింగమ్మ ఇంటికొచ్చినం."

"గిదే పెద్దమ్మా. అమ్మ ఫోటోనే" అన్నాడు వెంకన్న.

"యే అమ్మ? నాకు సెప్తున్నవా? దాని పక్కన వంగి నా నడుము పోయింది."

సైదమ్మ నా చేతిలో నుంచి ఫ్రేము గుంజుకుని, పేపరు చింపి, కుర్చీ కింద విస్తరి ముందు పెట్టింది. ముసలామె కూలబడి, గడ్డం మీది చుక్కల మీద వేలు పెట్టింది. "ఓ లింగీ, నన్నిడిసి పోతివా!" అంది. ఇక అందరూ ఒక్కసారే ఏడ్చారు. సైదమ్మ ఏడుపు అన్నిటికంటే పైన వినబడింది.

వెంకన్న మారిపోయాడని చెప్పను. కుర్చీ మీది ఫోటో తీయలేదు. తర్వాత షావుకార్లు కార్లలో వచ్చి, దానికే దండం పెట్టి, తిని పోయారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సహించదు.

ల్యాబ్ అతనిది తిరిగి ఇచ్చేశాను. "ఏమైందక్కా, బొమ్మ మంచిగొస్తలేదా?" అని అడిగాడు. "మంచిగనే వస్తుంది. గదే దాని రోగం" అన్నాను. అర్థం కానట్టు నవ్వాడు. నవ్వనీ.

ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలకు నేను చెప్పేది ఇదే. ఎవరో పొగిడారని ఏఐని నమ్మకండి. మీకు తెలిసిన మనిషిని, పోయిన మనిషిని, దానికి ఇచ్చి చూడండి. ఆగమంటే ఆగుతుందో లేదో చూడండి. అది చేసి ఇచ్చిన ముఖం చూసి మీకు ఏడుపు వస్తే ఉంచుకోండి. బాగుందే అనిపించిందా, అది మీ మనిషి కాదు.