గోల్‌పోస్ట్ వెనక ఇన్సులిన్ సంచి

ఆ రోజు ప్రాక్టీసులో నేను మూడుసార్లు గోల్ వదిలేసి బాత్రూంకి పరుగెత్తాను. హాకీలో గోల్ కీపర్ అలా పోవడం మామూలు విషయం కాదు. కాళ్లకు ప్యాడ్లు, ఛాతీకి గార్డు, తలకు హెల్మెట్, అన్నీ విప్పి మళ్లీ కట్టుకోవాలంటే పది నిమిషాలు పడుతుంది. మూడోసారి తిరిగి వచ్చేసరికి మా కాలేజీ పీడీ సార్ ఆట ఆపేసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏమ్మా అంజినమ్మా, ఆడేదానికి వచ్చినావా, తిరిగేదానికి వచ్చినావా?"

"నీళ్లు ఎక్కువ తాగినాను సార్," అన్నాను.

అబద్ధం కాదు. రెండు లీటర్ల సీసా అప్పటికే రెండోసారి నింపుకున్నాను. మార్చి నెల, అనంతపురం, ఎర్రమట్టి గ్రౌండు. ఆ ఎండలో దప్పిక ఎవరికి కాదు? నేనూ అలాగే అనుకున్నాను, చుట్టూ ఉన్నవాళ్లూ అలాగే అనుకున్నారు.

అప్పుడు నాది డిగ్రీ రెండో సంవత్సరం. మాది బెళుగుప్ప మండలంలో చిన్న పల్లె. నాయన వాన పడితే శనక్కాయ వేస్తాడు, పడకపోతే గొర్రెలతో తిరుగుతాడు. హైస్కూల్లో నన్ను గోల్‌లో నిలబెట్టింది పొడుగ్గా ఉన్నాననే కారణంతోనే. కాలేజీకి వచ్చాక అది ఇష్టమైంది. యూనివర్సిటీ జట్టులో ఆడాలి, ఆ తర్వాత రైల్వే, పోలీసు లాంటి ఏదైనా డిపార్ట్‌మెంట్ జట్టులో చేరాలి, ఇదొక్కటే ఆలోచన. యూనివర్సిటీ సెలెక్షన్లకు ఇంకా రెండు నెలలు ఉంది.

నా హాస్టల్ రూమ్మేట్ షాహీన్ మా జట్టులో ఫుల్ బ్యాక్. రోజూ నా ఛాతీ గార్డు బెల్టు వెనక నుంచి ఆమే బిగించేది. ఒకరోజు ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇదేందే, బెల్టు రెండు బొక్కలు లోపలికి పోయినాది. అన్నం తింటాండావా లేదా?"

నిజానికి ఆమె కంటే ఎక్కువే తింటున్నాను. అయినా బరువు తగ్గుతున్నాను. దూరం నుంచి వచ్చే బంతి మసకగా కనిపించేది. కళ్లద్దాలు కావాలేమో అనుకున్నాను. రెండూ ఒకే జబ్బు లక్షణాలని ఎవరు చెప్పాలి?

సెలవులకు ఇంటికి పోయిన మూడో రోజు వాంతులు మొదలయ్యాయి. కడుపులో నొప్పి. పక్క ఊరి నుంచి వచ్చిన ఆర్‌ఎంపీ నాడి పట్టుకుని, "ఎండదెబ్బ కొట్టినాది" అని తేల్చి గ్లూకోజ్ బాటిల్ ఎక్కించాడు. నా ఒంట్లో అప్పటికే ఎక్కువై ఉన్నది అదేనని ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. మర్నాడు మధ్యాహ్నానికి మంచం మీద పడుకునే గ్రౌండు చుట్టూ పరుగెత్తినట్టు రొప్పుతున్నాను. నాయన ఇంకెవరినీ అడగలేదు. ఊళ్లో ఉన్న ఆటోలో నన్ను పడుకోబెట్టి అనంతపురం ఆసుపత్రికి తీసుకొచ్చాడు. దారంతా అమ్మ తన కొంగుతో నా మొహానికి గాలి విసురుతూనే ఉంది.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ నా మొహం దగ్గరికి వంగి, "నోట్లో ఈ మాగిన పండు వాసన ఎప్పటి నుంచి?" అని అడిగింది. జవాబు కోసం ఆగకుండా వేలికి సూది గుచ్చి గ్లూకోమీటర్‌లో పెట్టింది. తెర మీద అంకె రాలేదు. రెండు ఇంగ్లిష్ అక్షరాలు వచ్చాయి, హెచ్, ఐ. నాయనకు ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కోవడం వరకు వచ్చు.

"హాయ్ అని ఉండాది కదమ్మా. అంటే బాగుండాదనేనా?"

"హై అని. మిషన్ కొలవలేనంత షుగర్ ఉంది. ఇది డీకేఏ, ఇన్సులిన్ లేక రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయాయి. ఐసీయూకి తీసుకుపోవాలి, పక్కకు జరగండి."

ఐసీయూలో మూడు రోజులు. ఒక చేతికి సెలైన్, ఇంకో చేతికి ఇన్సులిన్. గంటకోసారి వేలికి సూది. నాలుగో రోజు వార్డుకు మార్చాక పెద్ద డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆమె నిలబడే మాట్లాడి వెళ్లిపోయి ఉంటే నేను ఇంకా భయపడేదాన్ని.

"ఇది టైప్ వన్ డయాబెటిస్. నీ ప్యాంక్రియాస్ ఇన్సులిన్ తయారుచేయడం మానేసింది. నువ్వు తిన్నదాని వల్ల వచ్చింది కాదు. మీ అమ్మానాన్నల తప్పూ కాదు."

అమ్మ అడిగింది. "సూది ఎన్ని దినాలు ఏసుకోవల్లమ్మా?"

"రోజుకు నాలుగుసార్లు. జీవితాంతం."

అమ్మ కిటికీ వైపు తిరిగిపోయింది. నేను హాకీ ఆడొచ్చా అని అడిగాను.

"ఆడొచ్చు. కానీ పరుగెత్తితే షుగర్ పడిపోతుంది. ఎప్పుడు, ఎంత పడుతుందో నీ ఒంటిని చూసి నువ్వే కనిపెట్టాలి. అది తెలిసేదాకా తొందరపడొద్దు."

నాకు మొదటి మాట ఒక్కటే వినిపించింది.

ఇంటికి వచ్చాక మొదటి చిక్కు ఇన్సులిన్ దాచడం. మాకు ఫ్రిజ్ లేదు. ఉన్నా వేసవిలో కరెంటు నమ్మలేం. అమ్మ ఒక పెద్ద కుండలో ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, ఇసుకను పొద్దున సాయంత్రం తడిపేది. సీసాలు చిన్న కుండలో ఉండేవి. తర్వాత డాక్టరమ్మకు చెబితే, "ఇది నేను చెప్పాల్సింది, మీ అమ్మే కనిపెట్టేసింది" అంది. మొదట్లో నేను పొట్టకు సూది గుచ్చుకుంటుంటే నాయన లేచి బయటికి పోయేవాడు. నెల తిరిగేసరికి, "పాపా, టైమైనాది" అని ఆయనే గుర్తు చేసేవాడు.

ఆ ఏడాది యూనివర్సిటీ సెలెక్షన్లు నేను లేకుండానే జరిగిపోయాయి. మళ్లీ కాలేజీకి పోయి పీడీ సార్‌కి అంతా చెప్పాను.

"నీకేమన్నా అయితే మీ నాయనకు నేనేం చెప్పల్ల?" అన్నారాయన.

ఆయన చెడ్డవారు కాదు, భయపడ్డారు. అయినా ఆ ఏడాదంతా నేను బెంచీ మీదే కూర్చున్నాను. నేను నేర్చుకున్న పాఠం ఏమిటంటే, చెబితే ఆడనివ్వరని. తప్పు పాఠం. డిగ్రీ అయిపోయి అదే ఊళ్లో వ్యాయామ టీచర్ల కోర్సు బీపీఈడీలో చేరాక యూనివర్సిటీ జట్టుకు ఎంపికయ్యాను. కొత్త కోచ్‌కి జబ్బు సంగతి చెప్పలేదు. నాతోపాటే చేరిన షాహీన్‌కి నేను సూదులు వేసుకుంటానని తెలుసు. "షుగర్ ఉండాది" అని ఒక్క ముక్క చెప్పి వదిలేశాను.

యూనివర్సిటీల మధ్య పోటీల్లో సెమీ ఫైనల్ దాకా వెళ్లాం. ఆ మ్యాచ్ చూడటానికి ఒక డిపార్ట్‌మెంట్ జట్టు సెలెక్టర్ వస్తున్నాడని తెలిసింది. ఒళ్లు తేలిగ్గా ఉండాలని పొద్దున ఒక్క ఇడ్లీ తిన్నాను. ఇన్సులిన్ మాత్రం రోజూ వేసుకునేంతే వేసుకున్నాను. మూడో క్వార్టర్‌లో గ్లవ్స్ లోపల చేతులు వణకడం మొదలైంది. పెదాలు మొద్దుబారాయి. కారణం లేకుండా పట్టరాని కోపం. షాహీన్ బంతి కొట్టి పంపితే ఆమె మీదే అరిచాను. ఆ తర్వాత బంతి నా కళ్ల ముందు నుంచే మెల్లగా గోల్‌లోకి పోయింది. నేను కదల్లేదు.

షాహీన్ పరుగెత్తుకుంటూ వచ్చి నా హెల్మెట్ తీసింది. ఎవరో గ్లూకోజ్ నీళ్ల సీసా తెచ్చారు. ఆమె దాన్ని తోసేసిందట.

"వద్దు వద్దు! దానికి షుగర్ ఉండాది, తీపి ఇస్తే చచ్చిపోతాది! మామూలు నీళ్లు తేండి!"

నన్ను కాపాడాలని అంత గట్టిగా అడ్డం నిలబడింది. మామూలు నీళ్లు ఇచ్చేలోపే నేను స్పృహ తప్పాను. టోర్నమెంట్ డాక్టర్ వచ్చి చూస్తే, డెబ్బైకి తగ్గకూడని షుగర్ ముప్పై ఎనిమిది. నరంలోకి డెక్స్‌ట్రోస్ ఎక్కించాక కళ్లు తెరిచాను. అప్పటికి మ్యాచ్ అయిపోయింది. ఓడిపోయాం. సెలెక్టర్ వెళ్లిపోయాడు.

తిరుగు ప్రయాణంలో రైల్లో షాహీన్ నా పక్కన కూర్చోలేదు. అనంతపురం దిగాక అడిగింది.

"నేను నిన్ను చంపేదాన్నంట. డాక్టర్ చెప్పినాడు. నాకెందుకు చెప్పలేదే?"

ఆ వారమే ఆమెను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయాను. కొత్త కోచ్ కూడా వచ్చారు. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. కాగితం మీద హాకీ మ్యాచ్‌ని నాలుగు ముక్కలుగా గీసి, ఎక్కడ షుగర్ చూసుకోవాలో, మ్యాచ్ రోజు ఇన్సులిన్ ఎంత తగ్గించాలో రాసింది. "పడిపోయినప్పుడు ముందు గ్లూకోజ్ పొడి. శనక్కాయ చిక్కీ లాంటివి నిదానంగా పనిచేస్తాయి, అవి తర్వాత," అంది. షాహీన్ తన వేలికే సూది గుచ్చుకుని మిషన్ వాడటం నేర్చుకుంది.

అప్పటి నుంచి గోల్‌పోస్ట్ వెనక ఒక నీలం సంచి ఉండేది. అందులో మిషన్, గ్లూకోజ్, చల్లటి డబ్బాలో ఇన్సులిన్. క్వార్టర్ అయిపోగానే షాహీన్ నా గ్లవ్ లాగేసి వేలు పట్టుకునేది. ఎదుటి జట్టువాళ్లు వింతగా చూసేవాళ్లు. కొన్నాళ్లకు మాకు అది పట్టేది కాదు.

మరుసటి ఏడాది ఇంకో డిపార్ట్‌మెంట్ జట్టు ట్రయల్స్‌కి పిలుపు వచ్చింది. ఈసారి ప్యాడ్లు కట్టుకోకముందే సెలెక్టర్ దగ్గరికి పోయి చెప్పాను.

"సార్, నాకు టైప్ వన్ డయాబెటిస్. మధ్యలో రెండు నిమిషాలు షుగర్ చూసుకోవల్ల."

ఆయన నన్నూ, సంచినీ చూశాడు. "గోల్ ఆపుతావా?"

"ఆపుతాను సార్."

"అయితే పో, నిలబడు."

రెండు రోజులు నిలబెట్టారు. తీసుకున్నారు. అక్కడ మూడేళ్లు ఆడాక ప్రొఫెషనల్ లీగ్‌లో ఒక జట్టు నన్ను మూడో గోల్ కీపర్‌గా పిలిచింది. క్యాంపులో చేరిన మొదటి రోజే టీం డాక్టర్ నా మందుల జాబితా చూసి తల ఎత్తాడు. "ఇన్సులిన్ ఆటగాళ్లకు నిషేధించిన మందుల్లో ఉంది, తెలుసా?"

నాకు తెలియదు. ఒంట్లో ఇన్సులిన్ తయారయ్యే వాళ్లు బలం కోసం వాడకుండా ఆ నిబంధన పెట్టారట. నాలాంటి వాళ్లు టీయూఈ, అంటే వైద్య కారణాలతో వాడుకోవడానికి అనుమతి, తీసుకోవాలి. దానికి జబ్బు మొదటి రోజు నుంచి కాగితాలు కావాలి. ఇంటికి ఫోన్ చేశాను.

"నిషేధమంటే నేరమా పాపా?" నాయన గొంతు తగ్గిపోయింది.

"కాదు నాయనా. ఆసుపత్రి కాగితాలు ఉంటే చాలు. యాడన్నా ఉండాయా?"

"యాడికి పోతాయి? పాస్‌బుక్కులతో పాటు ట్రంకు పెట్టెలో పెట్టినాను."

ఐసీయూ కేస్ షీటుతో సహా ఒక్క కాగితం పోలేదు. నాయన వాటిని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, రెండు బస్సులు, ఒక రైలు మారి స్వయంగా తెచ్చాడు. కొరియర్‌ని నమ్మలేదు. మర్నాడు మా ప్రాక్టీసు చూస్తానని గ్యాలరీలో కూర్చున్నాడు. ఆటకు ముందు ప్లాస్టిక్ గడ్డి టర్ఫ్ అంతా స్ప్రింక్లర్లతో తడుపుతుంటే లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా, పైరే ల్యాకుండా ఇన్ని నీళ్లు పెడతాండారు?" అని పక్కనున్న గార్డును అడిగాడట.

సీజన్ మొదలయ్యే నాలుగు రోజుల ముందు అనుమతి వచ్చింది. ఆరు మ్యాచ్‌లు బెంచీ మీదే. ఏడో మ్యాచ్‌కి రెండో గోల్ కీపర్ జ్వరంతో రాలేదు. ఆటలో మొదటి గోల్ కీపర్‌కి తొడ కండరం పట్టేసింది. చివరి క్వార్టర్, రెండు ఒకటి ఆధిక్యంలో ఉన్నాం, నన్ను పంపారు. నా చేతికి అప్పటికి షుగర్ కొలిచే సెన్సర్ ఉంది. ఫిజియో రీడింగ్ చూసి బొటనవేలు పైకెత్తి చూపింది. ఐదు నిమిషాలకే ఎదుటి జట్టుకు పెనాల్టీ కార్నర్. బంతి నా ఎడమ వైపు కిందగా వచ్చింది. కాలు చాపాను. ప్యాడ్‌కి తగిలి బయటికి పోయింది. ఆ చప్పుడు మాత్రం బాగా గుర్తుంది. గెలిచాం. డ్రెస్సింగ్ రూంలో కూర్చుని ముందు షుగర్ చూసుకున్నాను, తర్వాత అమ్మకు ఫోన్ చేశాను.

ఇప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. లీగ్‌లో ఇది రెండో సీజన్. ఈసారి రెండో గోల్ కీపర్‌ని. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏవన్‌సీ పరీక్ష మూడు నెలలకోసారి చేయించుకుంటాను. కొన్నిసార్లు బాగుంటుంది, కొన్నిసార్లు డాక్టరమ్మ కళ్లద్దాల మీదుగా చూస్తుంది. అన్నీ సరిగ్గా చేసినా షుగర్ ఎక్కడో తేలే రోజులున్నాయి. అలాంటి రోజు మునుపటిలా ఏడవను, మళ్లీ కొలుచుకుంటాను. షాహీన్ మా జిల్లాలోనే యాడికి అనే ఊళ్లో పీఈటీ టీచరుగా చేస్తోంది. తన స్కూల్లో ఒక పాపకు ఇదే జబ్బు వస్తే, వేలికి సూది గుచ్చి కనిపెట్టింది ఆమే.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీరు గానీ మీ ఇంట్లోవాళ్లు గానీ ఇన్సులిన్ వాడుతుంటే, రోజూ పక్కన ఉండే మనిషికి నేర్పండి. వణుకు, చెమట, ఉన్నట్టుండి కోపం, మాట తడబడటం కనిపిస్తే షుగర్ పడిపోతోందని, అప్పుడు వెంటనే తీపి ఇవ్వాలని, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలని చెప్పండి. నేర్పడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు నేను రెండేళ్లు వాయిదా వేశాను.