శాంతి సభకు మైకు

బావ చేసిన చివరి పని వైరు చుట్టడం. సభ అయిపోయాక ఖాళీ కుర్చీల మధ్య నిలబడి, అరచేతికీ మోచేతికీ మధ్య వైరు చుట్టుకుంటూ, మెలిపడ్డ చోటల్లా ఆగి వేలితో సరిచేశాడు. చుట్టను బండిలో పెట్టి, ఇంటికి వెళ్ళి పడుకున్నాడు. తెల్లారి లేవలేదు.

ఆయన మా అక్క భర్త, కుర్రతనంలో కొన్నాళ్ళు సైన్యంలో చేసి వచ్చాడు. ఊళ్ళో ఎవరి సభకైనా మైకు ఆయనదే. ఆ చివరి సభ శాంతి మాస్టారిది. యుద్ధం వద్దని ఊరూరా తిరిగి చెప్పే మనిషి, పేపర్లో తరచూ కనిపించే ముఖం. వెనకాల ఎప్పుడూ తెల్లచొక్కాల గుంపు. బావకి ఆయన పొడ గిట్టేది కాదు. "యుద్ధం ఆపమంటాడు సరే, ముందు తన ఉపన్యాసం ఆపమను. నా ఆంప్లిఫయర్ కాలిపోతోంది" అనేవాడు. అయినా పిలిస్తే వెళ్ళేవాడు. ఎందుకెళ్తావని అక్క దెప్పితే, మైకుకి కోపతాపాలు ఉండవనేవాడు.

అంతకు ముందు ఏడాది బావ కొడుక్కి, అంటే మా మేనల్లుడికి, సైన్యంలో చేరమని ఉత్తర్వు వచ్చింది. యుద్ధం మొదలయ్యాక వచ్చిన చట్టం ప్రకారం వయసొచ్చిన ప్రతి మగపిల్లాడికీ వచ్చేదే. వాడు చేరనన్నాడు. చేరకపోతే జైలు. వాణ్ణి ఎగదోసింది మాస్టారేనని బావ తీర్మానించుకున్నాడు. ఒక సభలో వేదిక మీద మైకు ఎత్తు సరిచేస్తూ ఆయన్నే అడిగాడు. నేను పక్కనే ఉన్నాను.

"మాస్టారూ, మావాడు లోపలికెళ్తే మీరూ వెళ్తారా?"

"ఎవరి మనస్సాక్షికి వాళ్ళే జవాబు చెప్పుకోవాలి నాయనా."

"మరి మీ పిల్లలో?"

"నాకు ఇద్దరూ ఆడపిల్లలే."

వెనకాల ఒక తెల్లచొక్కా నవ్వి, "నువ్వు మైకు సంగతి చూడు పెద్దాయనా" అన్నాడు. బావ మైకు సంగతే చూశాడు. ఆ పూట అది ఒక్కసారి కూడా కీచుమనలేదు.

మేనల్లుణ్ణి తీసుకెళ్ళే రోజు కోర్టు గుమ్మంలో తెల్లచొక్కాలు దండ వేసి ఫొటో తీసుకున్నారు. మాస్టారి పిలుపు అందుకున్న వీరుడని గోడల మీద పోస్టర్లు వేశారు. తర్వాత జైలు వైపు ఒక్కరూ రాలేదు. బావ ప్రతి ములాఖత్‌కీ వెళ్ళి, చేరతానని ఒక్క సంతకం పెడితే వదిలేస్తారని బతిమాలేవాడు. వాడు అమ్మ ఎలా ఉందని అడిగేవాడు. బావ తిరిగొచ్చి మాస్టార్ని తిట్టేవాడు.

అంత్యక్రియలకి వాణ్ణి ఒక్క పూట వదిలారు. పక్కన పోలీసు. అన్నీ అయ్యాక అరుగు మీద కూర్చున్నాం. నాకు ఏడుపు రాలేదు, వాడికీ రాలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని, ఆ మాస్టారి మాటలు విని మీ నాన్నని ఇంత దూరం తెచ్చావు కదరా అన్నాను.

"ఆయన సభకి నేనెప్పుడూ వెళ్ళలేదు మామయ్యా. నాన్న చెప్పిన మాట విన్నాను."

సైన్యంలో ఉన్న రోజుల్లో బావ ఒక మనిషిని కాల్చాడట. పడిపోయినవాడు మంచినీళ్ళు అడిగాడట. బావ ఇవ్వలేదట. వీడి చిన్నతనంలో ఒకసారి చెప్పి, మళ్ళీ ఎత్తవద్దన్నాడట. అక్కకి కూడా తెలియదు.

చేరనన్నది అందుకేనని మీ నాన్నతో ఎప్పుడైనా అన్నావా అని అడిగాను. లేదన్నాడు. మాస్టార్ని తిట్టుకుంటే నాన్నకి కాస్త తేలిగ్గా ఉండేదన్నాడు.