‘కొసలు’ అనే ఫోల్డరు

నా రాత కోడి గీకినట్టు ఉంటుంది. ఊరిబడిలో ఐదో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మన చేనేత సంఘంలో కంప్యూటరు చూసుకునే సారు పోయారు. బుధవారం పొద్దున నేను సంఘం గదిలో ఆయన కోసమే కూర్చుని ఉన్నాను. గుమాస్తా వచ్చి, “అన్నా, సారు పోయినాడంట. గుండె ఆగిపోయిందంట” అన్నాడు.

“యా సారు?” అన్నాను. నాకు ఉన్నది ఒక్క సారే. ముందురోజు సాయంత్రమే, “రేపు వస్తాన్నా, ఇద్దరం కూచోని చూద్దాం” అని చెప్పి పోయిన మనిషి. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

నేను చీర బార్డర్లు గీసేవాణ్ణి. నావీ మీవీ గళ్ల కాగితాల మీద ఉన్న డిజైన్లన్నీ సారు కంప్యూటరులోకి ఎక్కించారు. అందులో లినక్స్ ఉండేది. నల్లటి తెర మీద మాట టైపు చేస్తేనే పని జరిగేది. అరవై దాటిన నాకు అక్షరం అక్షరం నేర్పించారు.

ఒకరోజు సారు లేనప్పుడు, జాగా చాలడం లేదని పాత బార్డర్ల ఫోల్డరు మీద, మొత్తం తుడిచేసే rm -r కొట్టాను. మగ్గం మీద చీర అయిపోయి పడుగు కోసినా, దువ్వెన లాంటి అచ్చులో పాత దారాల కొసలు మిగులుతాయి కదా. కొత్త పడుగును వాటికే అతుకుతాం. ఇక్కడా అలాగే అనుకున్నాను.

సారు రాగానే, “కొసలు యాడుండాయి సారూ? అతుకుదాం” అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. “ఈడ కొస మిగలదన్నా. పోయిందంటే పోయిందే.”

తిట్టలేదు. మరుసటి రోజు నుంచి నాతో ఇంటింటికీ తిరిగి, పాత చీరలు అడిగి తెచ్చి, బార్డర్లు మళ్లీ ఎక్కించారు. ఒకావిడ గడపలోనే నిలబెట్టి, “ఏమప్పా సారూ, నా పెండ్లిచీర నువ్వు కట్టుకుంటావా?” అంది.

“నాకు బార్డరు చాలు తల్లీ, చీర నువ్వే కట్టుకో” అన్నారు.

ఆ తర్వాత ‘కొసలు’ అని ఒక ఫోల్డరు పెట్టారు. వద్దనుకున్నదాన్ని వెంటనే తుడవకూడదు. mv కొట్టి అందులోకి జరపాలి. నెల ఆగి, ls కొట్టి పేర్లు చదివి, అప్పుడు rm -i కొట్టాలి. అది ఒక్కో ఫైలు పేరు చెప్పి, తీసేయమంటావా అని అడుగుతుంది. y అంటే పోతుంది, n అంటే ఉంటుంది. ఎంటరు కొట్టే ముందు సారు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, టైపు చేసిందంతా పైకి చదివేవారు. “తొందరంతా నీ చేతికే ఉండాదన్నా. కన్ను సరే అన్నాక కొట్టు” అనేవారు.

కంప్యూటరు నిండిపోయింది, నెలాఖరుకు ‘కొసలు’ ఖాళీ చేయమని సంఘం చెప్పింది. బుధవారం మేం చూద్దామనుకున్నది అదే. ఫైళ్లకు పేర్లుగా సారు పెట్టినవి అంకెలే. ఏ అంకె ఎవరి బార్డరో సారు ఒక్కరికే తెలుసు.

నిన్న ఒక్కణ్ణే కూర్చుని rm -i కొట్టాను. మొదటి అంకె అడిగింది. n కొట్టాను. రెండోది అడిగింది. n. నా వేలు y దగ్గరికి పోలేదు. చివరిదాకా n కొట్టి లేచి వచ్చాను.

సంఘానికి బార్డరు గీసి ఇచ్చిన ప్రతి ఒక్కరూ మీది ఎలాంటిదో, ఉంచాలో వద్దో, త్వరగా ఒక కార్డు ముక్క రాయండి. అంతదాకా అది అడుగుతూ ఉంటుంది. నేను n కొడుతూ ఉంటాను.