ముక్కుతో ఊపిరి, కామాఠీపురా మెట్లు

మా చెల్లెలు చెన్నమ్మను బొంబాయి నుంచి మక్తల్‌కు తీసుకొచ్చెయ్యాలని 1986 నవంబరులో నేను ఒక్కదాన్నే బయలుదేరాను. పెళ్లయిన నాటి నుంచి ఆమె కాపురం కామాఠీపురాలోనే. భర్త వెంకటయ్య గోడలకు సిమెంటు పూత వేసే మేస్త్రీ. ఆమె ఇంటి దగ్గరే కూర్చొని బీడీలు చుడుతుంది. దీపావళికి ఊరికొచ్చిన వాళ్లుండే చాలీ అనే వరసగదుల మేడలోని మనిషి ఒకాయన మా గుమ్మంలో నిలబడి, "మీ చెల్లె మెట్లెక్కలేకపోతున్నదమ్మా. సగం దూరానికే దమ్ము కొడ్తున్నది. ఒచ్చి తోల్కపోండ్రని వెంకటయ్య చెప్పమన్నడు" అని చెప్పాడు. ఆ సాయంత్రమే పెట్టె సర్దుకున్నాను. "అంత దూరం పోయినంక ఆమె రానంటే ఏం జేస్తవ్?" అని మా ఆయన అడిగారు. "రెక్క పట్టుకొని తోల్కొస్త" అన్నాను. నేను వెళ్లేందుకు ఒక టికెట్టు, తిరిగొచ్చేందుకు రెండు తీయించాను.

మన పాలమూరు వైపు నుంచి వెళ్లేవాళ్లకు రాయచూరు మీదుగా పోవడమే సుఖం. మక్తల్‌లో పొద్దున బస్సెక్కితే కృష్ణ దాటి భోజనం వేళకు ముందే రాయచూరు చేరతాం. అక్కడ బొంబాయి బండికి టికెట్టు, పడుకునే బెర్తు కలిపి డెబ్బై రూపాయల లోపే అయింది. జొన్నరొట్టెలు, పల్లీల పొడి ఇంటి నుంచి తీసుకెళ్లాను. నీళ్లు మాత్రం స్టేషన్లలో పట్టుకున్నాను. మర్నాడు పొద్దున బండి బొంబాయి చేరుతుంది. చివరి స్టేషన్ దాకా పోకుండా దాదర్‌లోనే దిగండి. గ్రాంట్ రోడ్‌కు పోయే లోకల్ బండ్లు అక్కడ వంతెన దాటితే దొరుకుతాయి. ఆఫీసులకు వెళ్లే జనం ఎక్కే వేళలో మూటలతో ఆడవాళ్ల పెట్టెలోకి దూరాలని చూడకండి. నేను టీ తాగి, పది దాటేదాకా బల్ల మీద కూర్చున్నాను. ఆ తర్వాత వచ్చిన బండిలో నిలబడటానికైనా చోటు దొరికింది.

గ్రాంట్ రోడ్ స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు కాని, నా దగ్గర జొన్నపిండి మూట ఉంది. టాక్సీ పిలిచాను. "కామాఠీపురా అంటే సరిపోదమ్మా, అక్కడన్నీ గల్లీలే. ఎన్నో గల్లీ?" అని డ్రైవరు హిందీలో అడిగాడు. నంబరు చెప్పాను. "ఇంత దగ్గరికి మీటరేసుకుంటే నాకు పెట్రోలు కూడా రాదు. నడిచిపోరాదా?" అన్నాడు. నాకొచ్చిన సగం హిందీలో, "ఈ మూట నువ్వు నెత్తిన పెట్టుకో, నీ ఎన్క నేను నడుస్త" అన్నాను. నవ్వి తలుపు తీశాడు. ఫాక్‌లాండ్ రోడ్ మీద స్టీలు సామాను దుకాణాలు, సినిమా బొమ్మలు, గుమ్మాల ముందు కూర్చొని తల దువ్వుకుంటున్న ఆడవాళ్లు. దారి ఇరుకని టాక్సీ ఆగితే, వాళ్లలో ఒకామె తన నీళ్ల డబ్బా పక్కకు జరిపి దారి ఇచ్చింది. గల్లీ మొదట్లోనే తెలుగు వినిపించింది. పిల్లలు మాత్రం తల్లి తెలుగులో పిలిస్తే మరాఠీలో బదులు చెబుతున్నారు.

చెన్నమ్మ ఖోలి మూడో అంతస్తులో ఉంది. ఖోలి అంటే అక్కడ గది. వంట, పడక, దేవుడు అన్నీ అందులోనే. నేను వచ్చానని ఎవరో కేక వేస్తే ఆమె గబగబా కిందికి దిగింది. నా మూట లాక్కొని అంతే గబగబా పైకి బయలుదేరింది. మొదటి మలుపు దగ్గర రెయిలింగు పట్టుకొని ఆగిపోయింది. నోరు తెరిచి, భుజాలు ఎగరేస్తూ గాలి మింగుతోంది. "ఆగక్కా... జర... దమ్ము అందుతలేదు" అంటూనే నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు. మూట ఆమె చేతిలోంచి తీసుకొని, "ఆదివారం బండికి నీకు టికెట్ తెచ్చిన" అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

మధ్యాహ్నం పనివేళ నేను వరండాలో కూర్చొని చూశాను. ఆడవాళ్లు ఒడిలో చాటలు పెట్టుకొని వరసగా కూర్చుంటారు. చాటలో ఒక పక్క కత్తిరించిన తునికాకు, ఒక పక్క సన్నని తంబాకు పొడి. ఆకులో చిటికెడు పొడి పోసి, చుట్టి, కొన మడిచి, దారం కడతారు. చేతులు ఆగవు, కబుర్లూ ఆగవు. నేను కూర్చున్న కాసేపటికే తుమ్ములు మొదలయ్యాయి. నా తుమ్ముకు పక్క చాటలోని పొడి లేచిపోయింది. ఆ చాట బాలమ్మ అవ్వది. చాలీలో సగం మందికి పని నేర్పింది ఆమే.

"ఊరోళ్లకు ఊపిరి తీసుడు గూడ నేర్పాలె" అంది అవ్వ. "బిడ్డా, ముక్కుతోటి పీలిస్తే తుమ్ములొస్తయి. తుమ్మితే తంబాకు ఎగురుతది. తూకం తక్కువొస్తే బీడీలు కొనే సేఠ్ మన కూలిల కోస్తడు. నోటితోటి పీల్చు. చెన్ని కొత్తల ఒచ్చినప్పుడు గిట్లనే తుమ్మేది. నోరు తెరువే అని నెత్తిమీద మొట్టి నేర్పిన."

చుట్టూ చూశాను. అందరి పెదవులూ కొద్దిగా విడివడే ఉన్నాయి. మాట్లాడని వాళ్లవి కూడా. పని అయ్యాక చెన్నమ్మ కాసేపు నడుం వాల్చింది. నిద్రలోనూ నోరు అలాగే తెరుచుకొని ఉంది. లేవగానే ఎండిపోయిన నాలుకతో చెంబెడు నీళ్లు తాగింది.

మర్నాడు ఆమెను నాగ్‌పాడాలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నడిచే వెళ్లాం. ఆయన ఛాతీకి ఎక్స్‌రే తీయించి చూసి, జబ్బేమీ కనబడటం లేదన్నాడు. "ఊపిరి పీల్చు" అనగానే చెన్నమ్మ నోరు తెరిచింది. ఆయన ఒక చల్లటి అద్దం ముక్క తెచ్చి ఆమె ముక్కు కింద పెట్టి, నోరు మూసి ఊపిరి వదలమన్నాడు. అద్దం మీద పక్కపక్కనే రెండు ఆవిరి మరకలు పడ్డాయి. "నీ ముక్కు రెండువైపులా బాగానే ఉంది. నువ్వే దాన్ని వాడటం మానేశావు" అన్నాడు.

ఆయన హిందీలో చెబుతుంటే నాకర్థం కానివి చెన్నమ్మ తెలుగులో చెప్పింది. ముక్కులోని వెంట్రుకలు, లోపలి తడి పొర దుమ్మును పట్టి ఆపుతాయి. తుమ్ము కూడా ఆ కాపలాలో భాగమే. గాలి ఊపిరితిత్తుల్లోకి పోయేలోపు వెచ్చబడి, తడి పట్టి పోతుంది. నోటికి ఆ ఏర్పాటు లేదు కనుక తంబాకు పొడి నేరుగా గొంతులోకి పోతుంది, గొంతు ఎండుతుంది, నిద్ర చెడుతుంది. పైగా నోటితో గబగబా పీలిస్తే గాలి ఛాతీ పైపైనే ఆడుతుంది. ముక్కుతో నెమ్మదిగా తీసి, అంతకన్నా నెమ్మదిగా వదిలితే పొట్ట దాకా కదులుతుంది, ఆయాసం తగ్గుతుంది. ముక్కుకు పల్చటి గుడ్డ కట్టుకొని, గాలి ఆడేచోట కూర్చొని పని చెయ్యమన్నాడు. "ముక్కుతో పీల్చినంత మాత్రాన తంబాకు మంచిదైపోదు, పని కొంత తగ్గించుకుంటేనే మేలు" అని కూడా చెప్పాడు.

"ఊరికి తీసుకెళ్తే తగ్గుతుందా?" అని అడిగాను.

"ఊరికి పోతే తంబాకు ఇక్కడే ఉండిపోతుంది. కాని నోరు వెంటే వస్తుంది కదమ్మా" అన్నాడు.

తిరిగొచ్చే దారిలో చెన్నమ్మ నా చెయ్యి పట్టుకొని ఆపింది. "అక్కా, నేను రాను. మా చాలీల నుంచి ఒంట్లో బాగలేదని ఊరికి పోయినోళ్లు ఒక్కరన్న ఒచ్చిండ్రా? తగ్గినంక పోదువులే అంటరు. ఇంతల ఇక్కడ ఖోలిల ఇంకెవరో దిగుతరు. ఆయన ఖానావళిల పూటకూడు తినుకుంట పడుంటడు. ఇద్దరి కాపురం గట్లనే రెండు ముక్కలైతది. నాకు భయం దమ్ముకు కాదు, ఆ టికెట్‌కు."

ఆమె మాటలో నిజముంది. అయినా ఆ మెట్ల మలుపు దగ్గర చూసిన ముఖం నా కళ్ల ముందే ఉంది. "అయితే ఒక ఒప్పందం" అన్నాను. "ఆదివారం పొద్దుగాల నీళ్ల బిందె ఎత్తుకొని, నోరు తెరవకుంట, ఎక్కడ ఆగకుంట మూడో అంతస్తుకు రా. ఒచ్చినవా, నీ టికెట్ వాపస్ చేస్త. రాలేదా, నా ఎంట బండెక్కాలె."

"ఎక్కుత సూడు" అంది.

ఆ రోజు నుంచే మొదలుపెట్టింది. తడిపి పిండిన పాత చీర ముక్క ముక్కుకు కట్టుకొని వరండా చివర గాలివైపు కూర్చుంది. గుడ్డ కింద పెదవుల మధ్య శుభ్రం చేసిన చిన్న తునికాకు ముక్క పెట్టుకుంది. నోరు తెరిస్తే అది జారుతుంది. మొదట్లో ఎన్నిసార్లు జారిందో! తుమ్ములు వస్తే చాట పక్కన పెట్టి తుమ్మి, మళ్లీ కూర్చునేది. ఆమె మాట్లాడకపోవడం తక్కినవాళ్లకు పెద్ద కష్టమైపోయింది.

"ఏమే చెన్నీ, మౌనవ్రతమా? నువ్వు మాట్లాడకుంటే ఆ కింది ఖోలి కోడలి ముచ్చట ఎవరు చెప్తరే?" అంది అవ్వ. చెన్నమ్మ చేత్తో 'తర్వాత' అని సైగ చేసింది. "డాక్టర్‌కు పైసలిచ్చి మూగది అయి ఒచ్చింది" అని అవ్వ అంటే అందరూ నవ్వారు.

డాక్టరు అద్దం సంగతి నేను చెప్పాక ఆ నవ్వులు కొంచెం ఆగాయి. ఖోలిలోంచి స్టీలు పళ్లెం తెచ్చి ఒక్కొక్కరి ముక్కు కింద పెట్టాం. అవ్వ మొదట వద్దంది, తర్వాత తనే లాక్కుంది. పళ్లెం మీద ఒక్క మరకే పడింది.

"అవ్వా, నీకు ఒక నల్లా బందున్నది" అంది ఒకామె.

"ఉండనియ్. ఈ చాలీకంతకు నీళ్లు ఒక్క నల్లాతోనే నడుస్తలేవా?" అంది అవ్వ.

మెట్ల సాధన వేరుగా చేసింది. మొదట ఖాళీ చేతులతో, తర్వాత చెంబుతో, తర్వాత సగం బిందెతో. నేను వెనకే ఎక్కేదాన్ని. ఇన్నాళ్లూ ఆమె పరుగున ఎక్కి, మలుపు దగ్గర కూలబడేది. ముక్కుతో పీలుస్తూ పరుగెత్తడం కుదరదు కనుక అడుగు దానంతటదే నెమ్మదించింది. శుక్రవారం నాటికి రెండో అంతస్తు దాకా నిదానంగా రాగలిగింది. నిద్రలో నోరు మాత్రం ఇంకా తెరుచుకునే ఉంది. అది అంత త్వరగా పోయే అలవాటు కాదు. వెంకటయ్య ఇదంతా చూస్తూనే ఉన్నాడు. శనివారం అన్నం తింటూ, "వదినా, రేపు ఆమె సామాను నేనే స్టేషన్‌కు మోస్త" అన్నాడు. పంపడం ఆయనకు ఇష్టమై కాదు. ఇక్కడే ఉంటే ఈ మనిషి దక్కదని ఆయన భయం.

ఆదివారం పొద్దున కింద నల్లాలో నీళ్లు వచ్చాయి. చెన్నమ్మ నిండు బిందె నడుం మీద పెట్టుకొని బయలుదేరింది. ఆడవాళ్లు మూడు వరండాల్లోనూ వంగి చూస్తున్నారు. మొదటి మలుపు దాటింది. రెండో అంతస్తు దాటింది. ఆ పై మలుపు దగ్గర ఆమె ముఖం ఎర్రబడింది. కాళ్లు ఆగిపోయాయి. బిందెను గోడకు ఆనించి నిలబడింది.

"నోరు తెరువే, సస్తవ్!" అని అవ్వ పైనుంచి అరిచింది.

చెన్నమ్మ తల అడ్డంగా ఊపింది. పెదవులు బిగించి ఉన్నాయి. కళ్లు మూసుకుంది. ముక్కుపుటాలు విప్పారి, పొట్ట నెమ్మదిగా ఉబ్బి, నెమ్మదిగా దిగింది. మళ్లీ ఉబ్బింది. భుజాలు ఎగరలేదు. నేను రెండు మెట్ల కింద చేతులు చాచి నిలబడ్డాను. పడితే పట్టుకోవాలని ఒక మనసు, పట్టుకోకూడదని ఒక మనసు. ముఖంలో ఎరుపు తగ్గింది. ఆమె కళ్లు తెరిచి, బిందె సర్దుకొని, మిగిలిన మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కింది.

గడపలో బిందె దించాకే నోరు విప్పింది. "అక్కా, నా టికెట్ వాపస్ చెయ్."

"ఆగినవ్ గదనే. ఆగొద్దనుకున్నం."

"ఆగొద్దన్నది నువ్వు. డాక్టర్ అనలే. నోరు తెరవొద్దన్నడు, తెరవలే. దమ్ము నన్ను ఆపలే అక్కా, నేనే ఆగిన. మళ్ల నేనే ఎక్కిన."

సరేనని తల ఊపాను. తలుపు దగ్గర నిలబడ్డ వెంకటయ్య లోపలికి వచ్చాడు. మూల సర్ది పెట్టిన ఆమె పెట్టెను తెరిచి, చీరలు తీసి మళ్లీ దండెం మీద వేశాడు. తర్వాత రెండో బిందె తీసుకొని నీళ్లకు కిందికి దిగాడు.

ఆ రోజు నేను ఒక్కదాన్నే తిరుగుబండి ఎక్కాను. చెల్లెల్ని తీసుకురావడమే ప్రేమ అనుకొని వెళ్లాను. ఆమెకు కావలసింది కాపురాన్ని వదలడం కాదు, పనికోసం వదులుకున్న ముక్కును మళ్లీ తెచ్చుకోవడం. తుమ్మకుండా ఉండాలని ఒక వరండా నిండా మనుషులు ఊపిరి తీసే తీరునే మార్చేసుకున్నారంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. చెన్నమ్మకు ఆయాసం పూర్తిగా పోయిందని నేను చెప్పను. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు అడుగు వెయ్యాలో ఇప్పుడు ఆమెకే తెలుసు. అది తెలిసిన మనిషిని రెక్క పట్టుకొని తీసుకురావలసిన పని నాకు లేదు.

మీలో ఎవరైనా ఆ చాలీల్లోని బంధువుల ఇంటికి వెళ్తే, సామానుతో మెట్లెక్కేటప్పుడు మాటలు కట్టిపెట్టి, నోరు మూసి ముక్కుతోనే ఊపిరి తీసుకుంటూ ఎక్కండి. ముక్కుతో గాలి చాలడం లేదనిపిస్తే మలుపు దగ్గర నిలబడి, కుదుటపడ్డాకే తర్వాతి మెట్టు మీద కాలు పెట్టండి. అలా ఆగినా ఆయాసం తగ్గకపోతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించుకోండి.