శేషానికి ఒంటరి పాఠాలు, నాకు పద్దెనిమిది గ్లాసుల మంచినీళ్ళు

2023 మే 20, శనివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు నా పరువు పోవడం మొదలైంది. పూర్తిగా పోవడానికి అయిదు రోజుల నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది. ఇంతకంటే త్వరగా పోగొట్టుకున్నవాళ్ళు మా నరసరావుపేటలో ఉండవచ్చు గాని, ఇంత పద్ధతిగా, గడియారం చూసుకుంటూ పోగొట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయివుంటాను. అప్పటికి నాకు అరవై ఆరేళ్ళు. చిన్నతనం, దూకుడు ఎక్కువ. ఆ దృష్టితో చదవండి.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో మా వీధి కుక్కల మీద మున్సిపల్ ఆఫీసుకు అర్జీ రాసింది నేనే. రెండు పేజీలు. ఏ కుక్క ఏ వేళకు ఎన్నిసార్లు మొరుగుతుందో పట్టిక వేసి మరీ రాశాను. ముప్ఫై ఒక్క ఇళ్ళు తిరిగి ముప్ఫై ఒక్క సంతకాలు పెట్టించాను. పెట్టనన్నవాళ్ళ చేత కూడా పెట్టించాను. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కల టీచరుగా చేసినదాన్ని, నాకు ఎదురుచెప్పడం ఈ వీధిలో ఎవరికీ అలవాటు లేదు.

అటువంటి నేను మే 20న పాలకేంద్రం నుంచి వస్తూ, విరిగిన తోపుడుబండి కింద ఒక కుక్కపిల్లను చూశాను. పాలకేంద్రం అతను చెప్పాడు.

"అయిదు పిల్లలండీ మేడం. నాలుగింటిని జనం పట్టుకపోయారు. ఇదొక్కటే మిగిలింది."

అయిదులో నాలుగు పోగా ఒకటి. నేను ఇంకేమీ ఆలోచించలేదు. అది కూరగాయల సంచీలో దొండకాయల మీద కూర్చుని మా ఇంటికి వచ్చింది. పేరు వెతుక్కోవలసిన అవసరం కూడా రాలేదు. శేషం అని పిలిచాను.

మా ఆయనకు పల్నాడు రోడ్డులో ఎరువుల కొట్టు ఉంది. ఉదయం ఎనిమిదికి వెళితే రాత్రి ఎనిమిదికి వస్తారు. ఆయన శేషాన్ని చూశారు, నన్ను చూశారు, మళ్ళీ శేషాన్ని చూశారు.

"అర్జీ రాసింది నువ్వేనా, ఇంకెవరన్నానా?"

"ఆ అర్జీ వీధికుక్కల మీద. ఇది ఇంటికుక్క."

"ఎప్పట్నుంచి?"

"ఆరూ నలభై నుంచి."

ఆయన కాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు. నేను పదవీ విరమణ తర్వాత కూడా ఒక ప్రైవేటు స్కూల్లో రోజుకు మూడు గంటలు లెక్కలు చెబుతాను. జూన్ 12న స్కూలు తెరుస్తారు. ఆ నాటికి ఈ పిల్ల మూడు గంటలు ఇంట్లో ఒంటరిగా, ఏడవకుండా ఉండటం నేర్చుకోవాలి. నేర్చుకోకపోతే నకరికల్లులో ఆయన తమ్ముడి మిరపచేనుకు కాపలాకు పంపేస్తారట.

"మే నెలలో మిరపచేను ఎక్కడుంది? ఈ రెండు నెలల పిల్ల కాపలా ఏం కాస్తుంది?"

"చేను వేసేసరికి ఇదీ పెరుగుద్దిలే."

నేను కూడా ఒక షరతు పెట్టాను. శేషం బుద్ధిమంతురాలు అయ్యేదాకా ఈ వీధిలో ఎవరి దగ్గరా కుక్క అన్న మాట ఎత్తకూడదు. ముప్ఫై ఒక్క సంతకాల ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? దేవుడి పటం ముందు నిలబెట్టి ఒట్టు వేయించుకున్నాను. ఈ ఒట్టును గుర్తుపెట్టుకోండి. తర్వాత నా మెడకు చుట్టుకున్నది ఇదే.

సోమవారం పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు మంచి సలహా ఇచ్చాడు.

"మేడం, ఒక్కసారే మూడు గంటలు వదిలేసి పోమాకండి. కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యండి. పోయేటప్పుడు పోతున్నా తల్లీ అని సాగదీయమాకండి. వచ్చినాక కూడా వెంటనే ఎత్తుకోమాకండి. ఒక అయిదు నిమిషాలు దాన్ని పట్టించుకోనట్టే ఉండండి."

ఇంత స్పష్టమైన సలహాను పాడుచేయడం మామూలు మనిషికి సాధ్యం కాదు. దానికి నోటుపుస్తకం, స్కేలు కావాలి. నా దగ్గర రెండూ ఉన్నాయి. మూడు గంటలంటే నూట ఎనభై నిమిషాలు. మే 23 నుంచి జూన్ 11 వరకు ఇరవై రోజులు. రోజుకు తొమ్మిది నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే సరిగ్గా సరిపోతుంది. మొదటి రోజు తొమ్మిది నిమిషాలు. పసిది కదా, అదీ ఒక్కసారిగా కాదు, నిమిషం చొప్పున తొమ్మిదిసార్లు.

మంగళవారం ఉదయం పది గంటలకు శేషాన్ని వెనకగదిలో పెట్టి, వీధి తలుపుకు తాళం వేసి, కరెంటు స్తంభం దాకా నడిచి, వాచీ చూసుకుని, నిమిషం కాగానే వెనక్కి వచ్చాను. లోపలికి వెళ్ళి, కాంపౌండరు చెప్పినట్టే వెనకగది తలుపు ముందు విగ్రహంలా నిలబడ్డాను. లోపల శేషం గుండె పగిలేలా ఏడుస్తోంది. "నిమిషానికే ఇంత ఏడుపా!" అని పుస్తకంలో రాసుకుని, అయిదు నిమిషాలు నిలబడి, అది ఊరుకున్నాక మళ్ళీ బయల్దేరాను.

మూడోసారి వెనక్కి వస్తుంటే ఎదురింటి సుబ్బులు ఇక ఉండబట్టలేక పలకరించింది. సుబ్బులు వేసవి మూడు నెలలూ తన అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తుంది. గింజ తీసేటప్పుడు చేతిని చూడదు, వీధిని చూస్తుంది.

"ఏంది వదినా, వెనక్కొస్తున్నావు?"

"కళ్ళజోడు మర్చిపోయాను."

"మొహాన్నే ఉంది గదా!"

"ఇది కాదు, ఇంకోటి."

"సర్లే గాని, బయల్దేరి వెనక్కొస్తే మంచిది కాదు. ఇట్టా వచ్చి కూర్చో. మంచినీళ్ళు తాగి పో."

ఈ ఆచారం మీకు తెలియనిది కాదు. బయటికి బయల్దేరిన మనిషి గడప దాటి వెనక్కి వస్తే కాసేపు కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి, అప్పుడే మళ్ళీ కదలాలి. నేను లెక్కలు చెప్పినదాన్ని, శకునాలు నమ్మను. కాని సుబ్బులు అప్పటికే చెంబు, గ్లాసు తెచ్చేసింది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. ఎందుకో చెబితే శేషం సంగతి చెప్పాలి. తాగాను.

నాలుగోసారి గొడుగు మర్చిపోయాను. తాగాను. అయిదోసారి సంచీ. తాగాను. ఆరోసారి ఫోను మర్చిపోయానని చెబుతుండగా అది నా చేతిలో మోగింది. తాగాను. నిమిషం పాఠాలన్నీ అరుగు మీద ఆరేసి నిమిషాలు అవుతున్నాయి. తొమ్మిదోసారికి ఏం మర్చిపోయానని చెప్పాలో తోచలేదు.

"ఏం మర్చిపోయావు వదినా?" అంది సుబ్బులు, గ్లాసు నింపుతూ.

"అదే ఆలోచిస్తున్నా" అన్నాను.

సుబ్బులు చింతపండు పక్కన పెట్టేసింది. ముప్ఫై ఏళ్ళలో ఆమె పని మధ్యలో ఆపడం నేను చూసింది అదే మొదటిసారి.

మొదటి రోజు మొత్తం ఏడు గ్లాసులు. బుధవారం పద్దెనిమిది నిమిషాలు, మూడేసి చొప్పున ఆరు పాఠాలు, ఆరు గ్లాసులు. ఆ రోజు సుబ్బులు నీళ్ళు ఇచ్చేటప్పుడు నా చెయ్యి కూడా పట్టుకుంటోంది. శేషం మాత్రం నేను తిరిగి వచ్చిన ప్రతిసారీ అదే ఏడుపు. పుస్తకంలో "ప్రగతి: సున్న" అని రాశాను.

అదే బుధవారం మధ్యాహ్నం నాకు తెలియకుండా ఒక ఫోను నడిచింది. తర్వాత ఇద్దరినీ విడివిడిగా నిలదీసి రాబట్టుకున్నాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పగలను. సుబ్బులు మా ఆయన కొట్టుకు ఫోను చేసింది.

"అన్నయ్యా, వదిన నిన్నట్నుంచి తాళం వేస్తది, స్తంభం దాకా పోతది, వెనక్కొస్తది. ఏం మర్చిపోయిందో కూడా చెప్పలేకపోతోంది. లోపలికి పోంగానే ఏడుపు కూడా వినపడతంది. నీకు తెలుసా?"

మా ఆయనకు ఒట్టు గుర్తుకు వచ్చింది. ఆయన బరువుగా ఊపిరి వదిలి ఇలా అన్నారట.

"తెలుసమ్మా. నేనూ చూస్తానే ఉన్నా. ఎవరికీ చెప్పమాక."

ఎవరికీ చెప్పవద్దన్నాక ఇక ఆగేదేముంది? చీకటి పడేసరికి ముప్ఫై ఒక్క ఇళ్ళకూ తెలిసింది. నేను సంతకాలకు తిరిగినప్పుడు మూడు రోజులు పట్టింది.

గురువారం ఉదయం వీధిలోకి వెళితే ప్రపంచం మారిపోయి ఉంది. కిరాణా కొట్టతను నాతో ఒక్కొక్క మాటా విడదీసి, గట్టిగా మాట్లాడాడు. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివిన ఆటో డ్రైవరు బండి ఆపి దిగి వచ్చి, "మేడం, మీ ఇల్లు అదేనండి, ఆ నీలం గేటు" అని చూపించాడు. నేను ఆ నీలం గేటులోంచే బయటికి వచ్చి నాలుగు అడుగులు వేశాను. అయినా చెప్పిన పద్ధతి బాగుంది. చదువుకునే రోజుల్లో అతను ఇంత స్పష్టంగా ఒక్క జవాబూ చెప్పలేదు.

ఆ రోజు తొమ్మిది పాఠాలు, మూడేసి నిమిషాలు. అయిదో గ్లాసు తాగుతుండగా మా తమ్ముడు వెంకటరత్నం నాదెండ్ల నుంచి ఆటోలో దిగాడు. ఫోను చేసింది సుబ్బులే. వాడి వెనకే మా ఆయన, కొట్టు మూసుకుని. అందరూ కలిసి నన్ను మా ముందుగదిలోనే కుర్చీలో కూర్చోబెట్టారు.

"అక్కా, కంగారుపడమాక. నేనెవర్ని?" అన్నాడు మా తమ్ముడు.

"ఆరో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కల్లో పదకొండు మార్కులు తెచ్చుకున్నవాడివి."

"అయ్యో, నన్ను గుర్తుపట్టట్లేదు బావా!"

"గుర్తుపట్టింది గదరా" అన్నారు మా ఆయన.

"ఇయ్యాళ ఏ వారం?"

"గురువారం. మే 25. పదీ నలభై. నీ వాచీ మూడు నిమిషాలు వెనక ఉంది."

వాడు ఫోనులో మతిమరుపు పరీక్ష ఏదో చూసి చదివాడు. "వందలోంచి ఏడేసి తీసేసుకుంటా పో."

తొంభై మూడు దగ్గర మొదలుపెట్టి రెండు దాకా ఆగకుండా వెళ్ళి, ఇక ఏడు పోదని చెప్పాను. వెంకటరత్నం సుబ్బులు వైపు తిరిగాడు.

"కరెక్టేనా?"

"నాకేం తెలుసు? అన్నయ్యా, నువ్వు చూశావా?"

మా ఆయన పైకప్పు చూశారు. నేను సరిగ్గా చెప్పానో లేదో తేల్చగలిగినది ఆ గదిలో నేనొక్కదాన్నే. నా మాట చెల్లదు కాబట్టి ఫలితం ఆపేశారు.

"మరి పొద్దస్తమానం తాళం వేసి, తీసి, ఆ తిరుగుడేంది వదినా? లోపల ఆ ఏడుపేంది?" అంది సుబ్బులు. ఆమె కళ్ళల్లో నిజంగానే నీళ్ళు ఉన్నాయి.

వెనకగదిలో శేషం ఆ పూట ఎందుకో కిక్కురుమనలేదు. వెంకటరత్నం గొంతు తగ్గించి మా ఆయనతో మాట్లాడాడు, నేను అక్కడ లేనట్టు.

"బావా, ఈమెను ఇంక ఒంటరిగా ఉంచగూడదు. నెల రోజులు నాదెండ్ల తీసకపోతా. స్కూలోళ్ళకి కూడా ఈ ఏడు రాదని చెప్పేద్దాం."

చూశారా లెక్క? రెండు నెలల పిల్లకు ఒంటరిగా ఉండటం నేర్పబోయి, నన్ను ఒంటరిగా ఉంచకూడదనే దాకా తెచ్చుకున్నాను. నేను నాదెండ్ల వెళితే శేషం ఆ సాయంత్రమే నకరికల్లు వెళుతుంది. నిజం చెబితే ముప్ఫై ఒక్క ఇళ్ళు నవ్వుతాయి. ఒక పక్క నా పరువు. ఇంకో పక్క అరచేతిలో పట్టే ఒక ప్రాణి, నా చీర కుచ్చిళ్ళలో తల దూర్చి పడుకునేది. ఈ లెక్కకు పుస్తకం అక్కర్లేకపోయింది. పదీ యాభైకి లేచి వెళ్ళి వెనకగది తలుపు తీశాను.

శేషం బయటికి వచ్చింది. ఒట్టి నోటితో వచ్చినా కొంత గౌరవం మిగిలేది. దాని నోట్లో ఒక కాగితం ఉంది. నేరుగా సుబ్బులు దగ్గరికి నడిచి, ఆ కాగితాన్ని ఆమె కాళ్ళ ముందు పెట్టి, తోక ఊపింది. వెనకగది అలమార కింది అరలో నేను దాచుకున్న అర్జీ నకలు అది. రెండో పేజీ. సంతకాల పేజీ.

సుబ్బులు వంగి చూసింది.

"ఇది నా సంతకమే గదా?"

"నీదే. పదిహేడోది."

 సుబ్బులు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అరుగు దాకా పరుగెత్తింది. అక్కడి నుంచి వచ్చిన నవ్వు ఎన్ని నిమిషాలు సాగిందో రాసుకోలేదు. రాసుకునే పుస్తకాన్ని ఆ ఉదయం నిజంగానే వెనకగదిలో మర్చిపోయాను, అది ముక్కలుగా ఉంది.

నేను మా ఆయన మీదకు తిరిగాను. "నాకు మతి పోయిందని మీరెట్లా ఒప్పుకున్నారు?"

"కుక్క మాట ఎత్తొద్దని ఒట్టేయించుకుంది నువ్వేగా! ఎత్తానా?"

ఎత్తలేదు.  ఉన్న ఆశ కూడా పోయి, నోరు తెరిచి ఓటమి ఒప్పుకున్నాను. "మూడు రోజులు నేర్పాను. నేను గడప దాటితే చాలు ఏడుస్తోంది. నకరికల్లుకే పంపండి."

కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వచ్చిన సుబ్బులు ఆగిపోయింది.

"ఎవురు చెప్పారు ఏడుస్తదని? నువ్వు బయట ఉన్నంతసేపూ మీ ఇంట్లో చీమ చిటుక్కుమనలా. నువ్వు లోపలికి పోంగానే ఏడుపు మొదలయ్యేది. నీళ్ళు తాగి పోయినా అంతే, తాగకుండా పోయినా అంతే. ఎదురుగా కూర్చునే ఉన్నా గదా, నాకు తెలవదా?"

నేను కుర్చీలో కూర్చున్నాను. వెళ్ళిన వేళ రాశాను, వచ్చిన వేళ రాశాను, గ్లాసులు లెక్కపెట్టాను. ఏడుపు ఎప్పుడు మొదలైందో మాత్రం చూడలేదు. అది ఒంటరిగా ఉన్నంతసేపూ అందింది నమిలి, హాయిగా నిద్రపోయింది. నేను వచ్చి తలుపు అవతల అయిదు నిమిషాలు పలకకుండా నిలబడితే, వాసన పట్టి, ఎందుకు తలుపు తీయవని ఏడ్చింది. శేషం పాఠం మొదటి రోజే నేర్చుకుంది. పరీక్ష పెట్టిన మనిషికే లెక్క రాలేదు.

మా ఆయన శేషం వైపు చూసి చివరి తీర్పు ఇచ్చారు.

"ఇంట్లో ఎవరూ లేకపోతే నిద్రపోయేదాన్ని చేనుకు కాపలా పెట్టుకుంటే మా తమ్ముడు మునుగుతాడు. ఇక్కడే ఉండనీ."

జూన్ 12న శేషం మూడు గంటల నాలుగు నిమిషాలు నిద్రపోయింది. నాలుగు నిమిషాలు ఎందుకంటే వచ్చేటప్పుడు సుబ్బులు అరుగు మీద ఆగాను.

ఆ రోజు దేవుడి పటం ముందు, అరవై ఆరేళ్ళ నా తెలివినంతా సాక్షిగా పెట్టుకుని ప్రమాణం చేశాను. గడప దాటిన తర్వాత కళ్ళజోడు మర్చిపోయినా, స్టవ్వు మీద పాలు మర్చిపోయినా, స్వయంగా మా ఆయననే మర్చిపోయినా, ఈ ప్రాణం ఉండగా వెనక్కి తిరిగి రాను. ఇప్పటికి పాలు రెండుసార్లు పొంగాయి. మాట తప్పలేదు.

పోయినవాటి పట్టిక, ఎవరికైనా పనికివస్తుందని ఇక్కడ ఇస్తున్నాను. ఎడమకాలి చెప్పు ఒకటి. కళ్ళజోడు, "ఇంకోటి" అని నేను అబద్ధం చెప్పినది, నిజంగానే ఇంకోటి ఉండేది, దాని కాడ ఒకటి. నోటుపుస్తకం, పన్నెండు పేజీలు. అర్జీ నకలు, ముప్ఫై ఒక్క సంతకాలతో. మంచినీళ్ళు పద్దెనిమిది గ్లాసులు, ఇవి సుబ్బులు నష్టం కింద రాసుకోవాలి. పరువు, పూర్తిగా. మతి పోలేదు. ఈ చివరి అంశం మీద మా ఆయన సంతకం ఇంకా పెట్టలేదు.