బొడ్డెమ్మను విడవడం నేర్పిన పెద్దమ్మ

ఎల్లారెడ్డిలో రెండు తరాల పిల్లలకు అక్షరాలు దిద్దించిన రాజమణి టీచరమ్మ, మా అమ్మకు స్వయానా అక్క, మొన్న మంగళవారం ఉదయం కన్నుమూసింది. "స్వరూపా, అత్తమ్మ పోయింది" అని పెద్దమ్మ కోడలు, మా వదిన, ఫోనులో చెప్పినప్పుడు నేను కామారెడ్డిలో మా ఆరేళ్ల వైష్ణవికి జడ వేస్తున్నాను. పెద్దమ్మ మంచం పట్టి నెల దాటింది కనుక ఇది ఊహించని వార్త కాదు. అయినా నిర్ఘాంతపోయాను. "పిల్లను ఒక్కపారి తీస్కరా బిడ్డా" అని ఆమె నెలంతా అడుగుతూనే ఉంది. నేను తీసుకుపోలేదు. ఈ నాలుగు మాటలు రాసే అర్హత నాకు లేదని తెలిసే రాస్తున్నాను.

పెద్దమ్మ ఉద్యోగమంతా ఒకటో తరగతిలోనే గడిచింది. పై తరగతులు ఇస్తామన్నా వద్దనేది. "పెద్ద పోరలకు గడియారం సూసుడు నేర్పచ్చు. కాలం ఆగదని మాత్రం పసితనంలనే ఎరుక జెయ్యాలె" అన్నది ఆమె సిద్ధాంతం. జీవితం క్షణభంగురమనీ, గతజల సేతుబంధనం వ్యర్థమనీ పెద్దలకు ప్రవచనాలు చెప్పేవారికి ఈ దేశంలో కొదవ లేదు. పాలపళ్లైనా ఊడని పిల్లలకు అదే సత్యాన్ని నవ్విస్తూ బోధించగలిగినవారిని మాత్రం నేను ఆమెను తప్ప ఎవరినీ చూడలేదు.

దసరాకు కొత్త చెప్పులు కొనుక్కున్న పిల్లలను నిరుటి పాత జత కూడా తెమ్మనేది. అవి తొడుక్కుని, మడమలు వెనక్కి వేలాడుతుండగా, పిల్లలు వాకిట్లో నడవాలి. ఒకటే నవ్వులు! పెద్దమ్మ మాత్రం ముఖం గంభీరంగా పెట్టి, "నిరుటి కాలు ఏడ వోయింది రా?" అని అడిగేది. ఒకసారి ఒక పిల్లవాడు బాగా ఆలోచించి, "మా అవ్వ పెట్టెల దాసింది టీచర్" అన్నాడు. ఆమె వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "అది ఇగ దొరకది కొడుకా. ఇప్పుడున్న కాలును మంచిగ సూస్కో, ఇది గూడ పోతది" అంది. వాడు ఆ పూటంతా తన పాదాలనే చూసుకుంటూ తిరిగాడట.

అలాగని ఆమె శాంతమూర్తి అనుకోకండి, ముక్కు మీదే కోపం. బీడీలు చుట్టే ఇండ్లలో పని ఎక్కువైనప్పుడు ఆడపిల్లను బడి మాన్పించి, "రేపు తోలుతం టీచరమ్మా" అనేవారు. పెద్దమ్మ గడప ముందు నిలబడి, "రేపటి పిల్ల వేరే పిల్ల. నాకు ఇయ్యాల్టి పిల్ల గావాలె" అనేది. ఆ గొంతుకు జడిసి పిల్లను పంపేవారు. కొందరు తిట్టుకుంటూ పంపేవారు.

పదవీ విరమణ తర్వాత ఆమె బడి బొడ్డెమ్మ చుట్టూ సాగింది. బతుకమ్మ పండుగకు ముందు ఆడపిల్లలు పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను చేసి, పూలతో సింగారించి, తొమ్మిది రోజులు చుట్టూ తిరిగి ఆడుకుని, చివరికి నీళ్లలో విడుస్తారు. వాడకట్టు పిల్లలంతా పెద్దమ్మ వాకిట్లోనే ఆడేవారు. ఆఖరి రోజు పోచారం కాలువ దగ్గర అందరిలోకీ చిన్నదాని చేత విడిపించేది. ఏడ్చేవాళ్లను ఊరుకోమనేది కాదు. "ఏడువు బిడ్డా. గని కండ్లు మూస్కోకు. కరిగేదాక సూడు" అనేది.

నిరుడు ఆ చిన్నది మా వైష్ణవి. బొడ్డెమ్మను రెండు చేతులా పట్టుకుని, విడవనంటే విడవనని గుక్కపట్టి ఏడ్చింది. "పసిపిల్లకు ఇప్పటి సంది ఈ పాఠాలెందుకు పెద్దమ్మా?" అని అందరి ముందూ కసిరి, బొడ్డెమ్మను సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. పెద్దమ్మ కోపగించుకోలేదు. "తీస్కపో. గని అది నీ ఇంట్ల గూడ ఆగది" అని మాత్రం అంది.

ఆగలేదు. వారం తిరగకముందే పూలు కుళ్లి, మన్ను నెర్రెలు బారి, చీమలు పట్టాయి. పిల్ల బడికి పోయిన వేళ దాన్ని చెత్తబండిలో వేశాను. సాయంత్రం వచ్చి అడిగితే ఏం చెప్పాలో తోచక, "అమ్మమ్మ వచ్చి తీస్కపోయింది" అన్నాను. పెద్దమ్మను అది అమ్మమ్మ అనే పిలిచేది. ఎంత సులువుగా వచ్చిందో నోటికి! ఆ రోజు నుంచి వైష్ణవి అమ్మమ్మతో ఫోనులో మాట్లాడలేదు. "నా మీద ఎందుకలిగింది బిడ్డ?" అని పెద్దమ్మ అడిగినప్పుడల్లా, "పిల్ల చేష్టలు, మర్చిపోతది తీయ్" అని దాటవేశాను. ఆమె మంచం పట్టాక పిల్లను తెమ్మంటే ఒకసారి పరీక్షలన్నాను. ఒకసారి తెలంగాణ బందు, బస్సులు లేవన్నాను. బస్సులు నడిచిన రోజులు ఎన్నో ఉన్నాయి. వాళ్లిద్దరూ ఎదురుపడితే నా అబద్ధం బయటపడుతుందని తేలు కుట్టిన దొంగలా మెలిగాను.

అంత్యక్రియలకు ఒక్కదాన్నే పోయాను. మూడో రోజు కర్మకు వైష్ణవిని తీసుకుపోయాను. వాడకట్టు పిల్లలు అరుగు మీద కూర్చుని, పెద్దమ్మకు ఎవరు కాళ్లొత్తారో, ఎవరు నీళ్లు తాపారో చెప్పుకుంటున్నారు. మా పిల్ల వాళ్ల దగ్గర కూర్చోలేదు. ఒక్కో గదిలోకీ పోయి, తలుపుల వెనకా మంచం కిందా చూస్తోంది.

"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?" అంది వదిన.

"నా బొడ్డెమ్మ. అమ్మమ్మ తెచ్చింది గదా, ఏడ వెట్టింది?"

వదిన నా వైపు చూసింది. నేను పిల్లను దగ్గరికి తీసుకుని, "అమ్మమ్మ తేలే బిడ్డా. ఖరాబయిందని నేనే పారేసిన. నీకు అబద్ధం చెప్పిన" అన్నాను.

"మరి అమ్మమ్మకు చెప్పినవా?" అని అడిగింది.

"లే."

"నేను అమ్మమ్మతోని మాట్లాడకపోతిని" అంది. అప్పుడు ఏడ్చింది. ఊరుకోమనే ధైర్యం నాకు లేకపోయింది.

పెద్దమ్మా! నీ వంటి గురువు ఎల్లారెడ్డికి మళ్లీ దొరకదని నీ శిష్యులంతా అంటున్నారు. అది అక్షరసత్యం. నీ పాదాలకు వారందరితో పాటు నేనూ నమస్కరిస్తున్నాను. కానీ నేను నీకు చెప్పవలసింది వేరే ఉంది. పిల్ల తనంతట తాను నీ మీద అలగలేదు. నేనే అలిగేట్టు చేశాను. ఈ రెండు మాటలు చెప్పడానికి నాకు ఏడాది కాలం ఉండింది.